రాజోలు నుంచి ఐసులో వచ్చిన ముక్క

నా తల మీద ఒట్టేస్తే మా ఆవిడే నమ్మదు. అందుకని ఇన్నేళ్ళు నాకు అన్నం పెట్టిన మైక్రోస్కోపు మీద ప్రమాణం చేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం.

కరోనా మాస్కులు మూతుల మీంచి గడ్డాల మీదికి జారిన ఏడాది అది. ఆ తర్వాత కళ్ళు మొరాయించి ముందుగానే ఉద్యోగం మానుకున్నాను కానీ, అప్పటికింకా అమలాపురంలో ఒక ప్రైవేటు ల్యాబులో సీనియర్ టెక్నీషియన్ని. శరీరం నుంచి తీసిన ముక్కల్ని పరీక్షకు సిద్ధం చేయడం నా పని. నాపైన పాథాలజిస్టు డాక్టరమ్మ గారు. ఆవిడపైన దేవుడు. ఆయన కూడా ఆవిడ సంతకం పడేదాకా ఆగేవాడు.

ఒకనాడు రాజోలు వైపు నుంచి చేపల వ్యాపారి సత్తిరాజు గారు, భార్య నాగమణి గారితో వచ్చారు. ఆవిడ మెడ పక్కన లేచిన గడ్డ మందులకు లొంగకపోతే, ఆ ఉదయమే అక్కడి సర్జన్ గారు బయాప్సీ చేశారు. అంటే, అనుమానమున్న చోటికి మత్తిచ్చి, చిన్న ముక్క తీయడం. సూది గుచ్చినప్పుడు చురుక్కుమంటుంది. ఆ తర్వాత నొక్కుతున్నట్టు, లాగుతున్నట్టు తెలుస్తుంది తప్ప పెద్దగా నొప్పి ఉండదు. ఒకటో రెండో కుట్లు, కొద్దిరోజుల సలుపు, అంతే. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు మాత్రం ఆ సంగతి ముందే చెప్పాలి. తీసిన ముక్కను ఫార్మలిన్ అనే ఘాటైన మందులో వేసి సీసా ఇస్తారు. మా వైపు దాన్ని ల్యాబుకు మోసుకొచ్చేది చాలావరకు ఇంటివాళ్ళే.

సత్తిరాజు గారు నా బల్ల మీద థర్మకోల్ పెట్టె పెట్టారు. మూత తీస్తే దంచిన ఐసు. ఐసులో ఒక పక్క పడవంత పండుగొప్ప చేప, ఇంకో పక్క తడిగుడ్డ చుట్టిన సీసా. సీసాలో ముక్క ఉంది, మందు లేదు.

“ఇందులో మందేదండీ?” అన్నాను.

“పారబోసేనండి. మూత తియ్యగానే పట్టేసేను, ఫార్మలిన్! పాత చేపని తాజాదని అమ్మడానికి కొట్టే మందండి అది. మా ఇంట్లో ఐసు తప్ప ఇంకోటి ముట్టమండి. పరాయోళ్ళకే అలాంటి సరుకు అమ్మనోణ్ణి, మా ఆవిడ దగ్గర తప్పు చేస్తానా?”

“ఇప్పుడు నేను సరుకునా?” అంది నాగమణి గారు.

చేపకు మోసమైనదే ఈ ముక్కకు రక్ష అని వివరించాను. శరీరం నుంచి విడివడగానే కణాలు చెడిపోవడం మొదలవుతుంది. వాటిని ఉన్నవున్నట్టు నిలబెట్టేది ఫార్మలిన్. ముక్క గడ్డకట్టిందా, లోపల మంచు సూదులు లేచి కణాల్ని చించేస్తాయి. అప్పుడు మళ్ళీ ముక్క తీయాల్సిందే.

ఆవిడ మొహం మారిపోయింది. “కత్తి తగిలితే జబ్బు పాకేస్తదని వీధి వీధంతా చెప్పేరండి. అయినా ఒక్కసారికని ఒప్పుకున్నాను. ఇంకోసారంటే నా వల్ల కాదు.” సత్తిరాజు గారు పెట్టె మీంచి చెయ్యి తీయలేదు.

డాక్టరమ్మ గారు వచ్చి ముక్కను పట్కారుతో మెల్లగా నొక్కి చూశారు. “గడ్డకట్టలేదు. గుడ్డ ఎందుకు చుట్టేరు?”

“ఐసు నేరుగా తగిలితే రొయ్య పాడైపోద్దండి.”

“ఆ గుడ్డే కాపాడింది. త్వరగా తెచ్చేరు కూడా,” అని ముక్కను కొత్త ఫార్మలిన్‌లో వేయించారు. నాగమణి గారితో, “ముక్క తీస్తే జబ్బు పాకేస్తుందన్నది ఉత్త భయమమ్మా. బయాప్సీ రాస్తే క్యాన్సరేనని కూడా కాదు. ఏమిటో తెలీకే చూస్తున్నాం. ఇది చాలకపోతే మళ్ళీ అడుగుతాను, అప్పుడు నన్ను తిట్టు,” అన్నారు.

తర్వాతి పని నాది. ముక్క మందులో బాగా నానాక, అందులో నీరు లాగేసి, మైనం పట్టించి దిమ్మ కట్టాను. దాన్ని మైక్రోటోమ్ అనే కోత యంత్రం మీద పొరలుగా తీశాను. నా పొర పక్కన పెడితే ఆత్రేయపురం పూతరేకు బొంతలా ఉంటుంది. ఆ పొరను గాజుపలక మీద పరిచి రంగులద్దాకే డాక్టరు చూడగలిగేది. రిపోర్టుకు రోజులు పట్టేది ఇందుకే.

రిపోర్టు రోజున డాక్టరమ్మ గారే వాళ్ళిద్దర్నీ కూర్చోబెట్టి చెప్పారు. క్యాన్సర్ కాదు, మెడ గ్రంథికి పట్టిన టీబీ. నెలల తరబడి మాత్రలు మానకుండా మింగితే నయమవుతుంది. సత్తిరాజు గారు “ఆయ్” అన్నారు.

“మింగుతానండి,” అంది నాగమణి గారు. “ఇంతకీ ఆ మాత్రలు ఐసులో పెట్టాలా?”

మందులు పూర్తయ్యాక వచ్చి తన మెడ చూపించింది. గడ్డ లేదు. భయపడుతూనే ఆ ఒక్కసారికి ఒప్పుకున్నందుకు ఆవిడకు నేను నేటికీ కృతజ్ఞుణ్ణి.

నేను నేర్చుకున్నది ఇది. సీసా చేతికిచ్చేముందు అందులో ఏముందో, ఎందుకుందో చెప్పాలి. చెప్పకపోతే మనుషులు తమకు తెలిసిన మంచి తాము చేస్తారు. ఆ తర్వాత మాకు ముక్కలు పంపే సర్జన్లందరికీ ఫోన్ చేసి ఈ మాటే చెప్పాను.

ఇక ప్రమాణం సంగతి. పండుగొప్ప నా కల్పన. ఆ పెట్టెలో చేప లేదు, చేప వాసన కూడా లేదు. కొత్త పెట్టె కొని, వేలిగోరంత ఆ ముక్క ఒక్కదాని కోసమే నిండా ఐసు నింపి తెచ్చారాయన.