పొట్టి కాళ్ల కుక్కపిల్ల, పొడుగు నాలుక బేరం

ఇరవై ఎనిమిదేళ్ల వయసులో నేను ఆడిన ఒక బేరం గురించి చెబుతాను. ఆ తర్వాత వారం రోజులు మా ఆయన నన్ను చూసినప్పుడల్లా తువ్వాల నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నవ్వు ఆపుకోవడానికి. మీరు అంత మర్యాద పాటించనక్కర్లేదు. అది అలాంటి ఘోరం.

ముందు కాస్త నా గొప్ప చెప్పుకోనివ్వండి. కొత్తకోటలో బట్టల దుకాణం గల్లా పక్కన పెరిగినదాన్ని. మిగతా పిల్లలు అఆలు దిద్దే వయసులో మా నాయిన దగ్గర మూడు సూత్రాలు నేర్చుకున్నాను. నచ్చిన సరుకును నచ్చినట్టు చూడకూడదు. బేరం నడుస్తుంటే మనవాళ్లెవరూ నడుమ మాట్లాడకూడదు. ధర దిగకపోతే లేచి వెళ్లిపోవాలి, వాళ్లే పిలుస్తారు. ఈ మూడింటితో వంకాయల నుంచి నా పెళ్లి బాజాల దాకా అన్నీ దించాను. మక్తల్‌కు కాపురానికి వచ్చాక, నేను వస్తుంటే అంగడిలో కూరగాయలమ్మే ఆడవాళ్లు సరుకు అయిపోయినట్టు గంపలు బోర్లించేవారని చెప్పుకుంటారు. అబద్ధం. ఒక్కామె మాత్రమే బోర్లించింది.

మా ఆయన బోరు మోటార్లు బాగుచేసే మేస్త్రీ. ఒకరోజు ఊరి ఆ చివర రిటైరైన టీచరమ్మ ఇంట్లో మోటారు బిగించి వచ్చి, ఫోన్‌లో ఒక ఫోటో చూపించాడు. ఆమె పెంచుకునే కుక్క ఈనిన రెండు నెలల పొమేరియన్ పిల్ల. విచ్చుకున్న పత్తికాయకు రెండు మిరియాలు గుచ్చినట్టుంది.

"ఇచ్చేస్తరంట. పోయి మాట్లాడుదమా?" అన్నాడు.

మాట్లాడటమేమిటి, నేను అప్పటికే దానికి పేరు పెట్టేశాను. ముత్యం. ఆయన పనికి పోతే పొద్దస్తమానం అత్తమ్మా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకుంటూ కూర్చునే ఇల్లు మాది. ఇద్దరం కలిసి చూడటానికి మూడో ముఖం ఒకటి కావాలని ఎంత తపించానో నాకే తెలుసు.

ఆదివారం పొద్దున కొత్త నారాయణపేట చీర కట్టుకుని బయలుదేరాను. టీచరమ్మ గేటు దగ్గర మా ఆయనకు హెచ్చరిక.

"బేరం అయ్యేదాక నోరు తెరవొద్దు. మోటారోలె గప్‌చుప్ కూసో."

"మోటారు సప్పుడు చేస్తదే."

"అయితే కాలిపోయిన మోటారోలె కూసో."

టీచరమ్మ పిల్లను తెచ్చి చాప మీద వదిలింది. అది తడబడుతూ వచ్చి నా కాలి మెట్టెను నాకింది. నా గుండె వెన్నలా కరిగి మోకాళ్ల దాకా జారింది. గుండె ఎంత కరిగితే ముఖం అంత బిగించాలి కదా మరి! బిగించాను.

"ఎట్లున్నది బిడ్డా?"

"ఉన్నది. కాళ్లే జర పొట్టిగున్నయి."

"దాని జాతే గంత."

"ఒక చెవు లేచింది, ఒక చెవు పండుకున్నది."

"పసిది గదా. లేస్తది."

దాని బొచ్చును రెండు వేళ్ల మధ్య నలిపి చూశాను, పాప్లిన్ గుడ్డ చూసినట్టు. "తెల్లది ఊకె మాస్తది టీచరమ్మా. గింత బొచ్చు మన ఎండలకు ఆగుతదా?"

అక్కడితో ఆగినా బాగుండేది. కానీ బేరమెక్కిన నాలుక బ్రేకులు లేని లారీ. "ముక్కు గూడ ఉన్నదా లేదా అన్నట్టున్నది" అన్నాను.

టీచరమ్మ ముఖం పరీక్ష పేపరు దిద్దుతున్నట్టు మారింది. నాకు సున్నా పడుతోందని తెలియక ధర దిగుతోందనుకున్నాను. ఆమె లేచి చాయ్ తెచ్చి, మా ఆయనకు గ్లాసు అందిస్తూ మెల్లగా ఏదో చెప్పింది. నేను వినలేదు. తోక తిప్పి చూస్తున్నాను.

"గిన్ని వంకలున్నయి. మీరే ఒక మాట చెప్పుండ్రి" అన్నాను చివరికి.

"నేనేం చెప్పాలె బిడ్డా? నీకు నచ్చలేదు గదా. పోనీ తియ్యి."

ఇక మూడో సూత్రం. లేచాను. "సరే, ఇంకో జాగ చూసుకుంటం."

అనుభవం మీద చెబుతున్నాను, మామూలుగా మెట్టు దిగేలోపు పిలుస్తారు. మొండివాళ్లయితే చెప్పులు వేసుకునేటప్పుడు పిలుస్తారు. నేను చెప్పులు విప్పి మళ్లీ వేసుకున్నాను. గేటు గొళ్లెం సప్పుడయ్యేట్టు తీశాను. వీధి మలుపు దాకా పెళ్లికూతురు నడక నడిచాను. వెనక నుంచి ఒక్క పిలుపు లేదు.

"ఏం చేస్తుందో జర చూడు" అన్నాను మా ఆయనతో.

"తలుపేసుకున్నది."

"ఎంతకు దించాల్నో లోపల సోచాయిస్తుండొచ్చు."

"సోచాయించనీకె ఏమున్నదే? ఆమె పైసలకు ఇయ్యదంట. పానంలెక్క చూసుకునేటోళ్లు దొరికితే ఉట్టిగనే ఇస్తదంట."

గిరుక్కున ఆయన వైపు తిరిగాను. "నీకెవలు చెప్పిండ్రు?"

"ఆమెనే. చాయ్ ఇచ్చేటప్పుడు."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలే?"

"కాలిపోయిన మోటారోలె కూసోమంటివి గదా."

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అంటారు. ఉట్టిగా ఇస్తామంటే పోయి తిట్టి వచ్చినదానికి ఏ సామెతా లేదు. అలాంటి మనిషి అంతకుముందు పుట్టలేదు కాబోలు. ముత్యాన్ని నేను చేతులారా, కాదు, నోరారా పోగొట్టుకున్నాను. చెప్పులు చేతబట్టుకుని వెనక్కి పరుగెత్తాను.

టీచరమ్మ కిటికీలోంచే అడిగింది. "ఏమన్న మరిచిపోయినవా?"

"బుద్ధి మరిచిపోయిన టీచరమ్మా. మేం దుకాణపోళ్లం. మాకు నచ్చినదాన్నే తిడతం. నచ్చకపోతే మంచిగున్నదని చెప్పి ఎల్లిపోతం."

"మీ ఆయనను గూడ గట్లనే తిట్టి చేసుకున్నవా?"

"ఆయన కాళ్లు గూడ పొట్టియే అన్న." వెనక మా ఆయన వంగి తన కాళ్లు చూసుకున్నాడు.

ఆమె తలుపు తీసింది. తీసి, బేరం మొదలుపెట్టింది. ఈసారి సరుకు నేను.

"మధ్యాహ్నం నారాయణపేట నుంచి ఇంకోళ్లు వస్తున్నరు. ఆళ్లు ఫోటో చూసే ముద్దొస్తుందన్నరు. మీ ఇల్లు రోడ్డు మీదనేనంట గదా?"

"బయటికి దూరకుండ గేటుకు ఇనుప జాలి కొట్టిస్త."

"పొద్దందాక ఎవరుంటరు?"

"నేనుంట, మా అత్తమ్మ ఉంటది."

"ఎండాకాలం?"

"కూలరు దానికే. మేం బయట పండుకుంటం."

జీవితంలో మొదటిసారి ధర నేనే పెంచుకుంటూ పోతున్నాను. ఆమె "చూద్దాంలే" అని పిల్లను ఎత్తుకుని లోపలికి నడిచింది. గడప దాటబోతుండగా నా నోటి నుంచి మా నాయిన వింటే దుకాణం మూసేసే మాట వచ్చింది. "ఆగుండ్రి టీచరమ్మా!"

వెనక్కి పిలిచినవాళ్లు ఓడినట్టే. ఓడిపోయాను. ఆమె తిరిగి వచ్చి, నన్ను చాప మీద కూర్చోబెట్టి పిల్లను నా ఒళ్లో పెట్టింది. అది నన్నొకసారి పైకీ కిందికీ చూసి, నారాయణపేట చీర మీద వెచ్చగా పోసింది.

చీర మీద చాయ్ చుక్క పడితే మూడిళ్లకు వినబడేలా అరిచే మనిషిని నేను. అప్పుడు మాత్రం అది వణుకుతోందని తప్ప ఇంకేం తోచలేదు. "అయ్యో, సలి పెడుతుందా తల్లీ?" అని పొడిగా ఉన్న కొంగు తీసి చుట్టూ కప్పాను.

టీచరమ్మ వంగి ఆ కొంగు అంచు సర్దింది. "తీస్కపో బిడ్డా" అంది.

ఆ తర్వాత పాఠం చెప్పింది. చిన్న కడుపు కాబట్టి రోజుకు నాలుగుసార్లు కొంచెం కొంచెం పెట్టాలి. ఉల్లిగడ్డ, చాక్లెట్ ముట్టించకూడదు. పశువుల దవాఖానలో సూదులన్నీ పూర్తయ్యేదాకా వీధి కుక్కల దగ్గరికి పోనివ్వకూడదు. అన్నింటికీ తల ఊపాను. గెలిచాను! పిల్ల చేతిలో ఉంది, పైసా ఖర్చు లేదు. నోరు మూసుకుని గేటు దాటితే చాలు.

కానీ బేరం ముగిశాక దుకాణం బిడ్డ నాలుక దానంతటదే ఒక మాట అంటుంది. తుమ్ములాంటిది, ఆగదు.

"కొసరేమన్న ఇయ్యరా టీచరమ్మా?"

ఆమె కళ్లు మెరిశాయి. లోపలికి పోయి ఇంకో పిల్లను తెచ్చి మా ఆయన చేతిలో పెట్టింది. "దీని తోడబుట్టింది. రెంటిని ఇడదీయనీకె మనసొప్పలే. రెండు తీస్కపొమ్మని ఎట్ల అడగాల్నో తెల్వక లోపల్నే ఉంచిన. నువ్వే అడిగితివి, సల్లగుండు!"

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. అడిగితే టీచరమ్మ ఏం పెడుతుందో ఆ సామెత చెప్పలేదు.

ఇంటి గడపలో అత్తమ్మ మమ్మల్ని ఎగాదిగా చూసింది. "ఒకటి తెస్తనని పోయి రెండు తెచ్చినవేందే?"

"బేరంల కలిసొచ్చింది అత్తమ్మా" అన్నాను తలెత్తుకుని.

ఆమె గొణుక్కుంటూనే రెండో దాన్ని ఒళ్లోకి తీసుకుంది. ఇప్పటికీ దించలేదు. దాని పేరు అడక్కండి. కొసరే. ఆ రెండూ ముద్దుగా పెరిగి, మా చెప్పులన్నీ నమిలి, మా ఇంట్లో ఎవరి ముఖం ఎవరూ చూసుకునే తీరిక లేకుండా చేశాయి. బజారు మొత్తంలో సున్నా ధరకు జోడీ తెచ్చిన మనిషిని నేనొక్కదాన్నే.

అయినా సరే, మా నాయిన గజంబద్ద మీద ఒట్టు. ఈనిన జీవం ఉన్న ఇంట్లో ఈ జన్మలో కొసరు అడగను. మొన్న వెనకింటి బర్రె ఈనితే జున్నుపాలకు వెళ్లాను. పోసినన్ని పోయించుకుని, చెంబుకు మూత పెట్టి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చాను.