మేనకోడలి పరుగుకు నేను కలిపిన మార్కులు

బచ్చన్నపేట వైపు మక్కజొన్న చేన్ల మీద ఎర్రదుమ్ము లేస్తే అది సుడిగాలా, మా అక్క కూతురా అని జనం ఆగి చూసేవారు. కోతుల మందను తరుముతూ ఆ పిల్ల పరుగెత్తితే, కోతులు మా ఊరి పొలిమేరే కాదు, మండలం దాటి పక్క జిల్లాలో నివాసం ఏర్పరచుకునేవి. నేను పెంచి చెబుతానని మా బంధువుల్లో పేరుంది కాబట్టి ఇందులో సగం కొట్టిపారేయండి. మిగిలిన సగమైనా తక్కువ పరుగు కాదు.

నేను జనగామలో బడిపంతులును, లెక్కలు చెబుతాను. నా వయసు యాభై రెండు, నా పొట్ట నాకంటే ఒక అడుగు ముందు తరగతిలోకి వస్తుంది. డిగ్రీ అయిపోయిన మేనకోడలు కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుదామని మా ఇంటికి వచ్చింది. వెనకటి నోటిఫికేషన్ పడి ఏళ్లయింది, కొత్తది ఇప్పుడు పడబోతోందంటున్నారు, దీని తర్వాత మళ్లీ ఎప్పుడో ఎవరికీ తెలియదు. ఇంటర్ నుంచీ ఆ పిల్లకు ఖాకీ బట్టల మీద తప్ప దేని మీదా మనసు లేదు. ఆడపిల్లలకు ఎనిమిది వందల మీటర్లు, ఐదు నిమిషాల ఇరవై సెకన్లలోపు. పరుగులో తప్పితే మిగతా వాటికి పిలవరు. ఈ సంగతి వినగానే మా అక్క, ఆ మాత్రానికి పరీక్ష కూడానా అని నవ్వింది. అందరం నవ్వాం.

కరోనా మూడోసారి తిరిగొచ్చిన చలికాలం అది. ఈసారి వచ్చేది ఉత్త జలుబేనని ఊరంతా తీర్మానం చేసింది. సంక్రాంతికి ఇంటికి వెళ్లిన పిల్లకు జ్వరం, దగ్గు. అక్క ఆమెను పత్తి పోసే అర్రలో పడుకోబెట్టింది. సగం గది పత్తే. అంత పెద్ద పరుపు మీద ఏ మహారాణీ జ్వరంతో పడుకుని ఉండదు. నాలుగు రోజులకు జ్వరం తగ్గింది. అక్క మాత్రం తగ్గలేదు. గుడ్లు, పాయ, నాటుకోడి. ఆ నెలలో మా అక్క పెరట్లో కోళ్లు రాత్రిళ్లు నిద్రపోవడం మానేశాయని నా నమ్మకం.

పిల్ల బుగ్గలు నింపుకుని జనగామ తిరిగొచ్చింది. మర్నాడు తెల్లవారుజామున కాలేజీ గ్రౌండుకు వెళ్లాం. గ్రౌండు చుట్టూ రెండు చుట్లు. నేను గట్టు మీద సెల్‌ఫోను పట్టుకుని నిలబడ్డాను, ఒలింపిక్స్‌కు నన్నే పిలిపించినంత దర్జాగా. మొదటి చుట్టు మామూలుగానే సాగింది. రెండో చుట్టు సగంలో పిల్ల అడుగు తడబడింది. ఆగి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుంది. మళ్లీ నడిచింది, మళ్లీ పరుగెత్తింది. వచ్చి నా కాళ్ల దగ్గర కూర్చునేసరికి ఫోనులో ఆరు నిమిషాల నలభై సెకన్లు.

సర్కారు దవాఖానలో డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించింది, వేలికి యంత్రం పెట్టి చూసింది, గుండె పరీక్ష కూడా చేయించింది. అన్నీ బాగున్నాయంది. ఆ జ్వరం తర్వాత వయసు పిల్లల్లో కొందరికి ఇలా ఉంటుందనీ, నెలలు పట్టవచ్చనీ, ఇప్పుడే పరుగు వద్దనీ, ముందు నడవాలనీ, అలసట రాకముందే ఆగాలనీ చెప్పింది. మేము ఇన్ని మాటల్లో అన్నీ బాగున్నాయన్న ఒక్క మాటను మాత్రమే మూటగట్టుకుని ఇంటికొచ్చాం.

అప్పుడు నేను చేసిన పని చెప్పాలి. ముప్పై మూడు మార్కులు వచ్చిన పిల్లవాడికి ముప్పై ఐదు వేయడం మా బళ్లలో నేరం కాదు. అది దయ కూడా కాదు, అలవాటు. అలా కలిపిన రెండు మార్కులు చూసుకుని మురిసి, తర్వాతి పరీక్షలో నిజంగానే నలభై తెచ్చుకున్న పిల్లల్ని నేను చూశాను. పరుగు కూడా అంతే అనుకున్నాను. మార్కులైతే కలపాలి, సెకన్లైతే తీసేయాలి, తేడా అంతే.

రెండో రోజు ఆరు నిమిషాల ముప్పై ఐదు వస్తే, ఆరు పదిహేను అన్నాను. పిల్ల ముఖం వెలిగింది. ఆ వెలుగు చూసి వారం తిరిగేసరికి ఆరు నిమిషాలకు దించాను. తర్వాత ఐదు నలభై. నోటిఫికేషన్ పడిన రోజున సంతోషం పట్టలేక ఐదున్నరకు దించాను. అప్పుడు ఫోనులో నిజంగా ఉన్నది ఆరు ఇరవై. నాలుగు వారాల్లో నా నోట్లో ఆ పిల్ల మెరుపుతీగ అయింది. అక్కకు ఫోనులో చెబితే ఆమె వాడకట్టు మొత్తానికి చెప్పింది. వాళ్లలో ఒకరు అప్పుడే పిల్లను సర్కిల్ ఇన్‌స్పెక్టరమ్మా అని పిలవడం మొదలుపెట్టారు.

పిల్ల మాత్రం చిక్కిపోతోంది. టైము తగ్గుతోంది కదా, ఇంకొంచెం పట్టుబడితే చాలని సాయంత్రం కూడా పరుగు మొదలుపెట్టింది. పొద్దున పరుగెత్తిన రోజు మధ్యాహ్నం మంచం దిగేది కాదు. పుస్తకం ముందు పెట్టుకుని అదే పేజీ గంటసేపు చూసేది. ఒకనాడు మా మేడమెట్ల మధ్యలో ఆగి, వంగి చెప్పు సరిచేసుకుంటోంది. ఆ చెప్పుకు ఏ లోటూ లేదు. ఆ విద్య నాకు బాగా తెలుసు, నలభై ఐదు దాటాక నేనే కనిపెట్టాను. ఊపిరి అందనప్పుడు నలుగురిలో పరువు కాపాడేది చెప్పులే. కానీ ఇరవై రెండేళ్ల పిల్ల నా విద్య నా ఇంట్లోనే నేర్చుకోవడం చూసి నాకు ఆ రోజు అన్నం సహించలేదు. సహించలేదంటే రెండుసార్లే పెట్టించుకున్నాను.

అయినా నిజం చెప్పలేదు. ఇంత దూరం వచ్చాక ఏ ముఖం పెట్టుకుని చెప్పను? ఆమె నిజంగా తగ్గించుకుంటే నా అబద్ధం దానంతటదే నిజమవుతుందని ఎదురుచూశాను. అది నిజమయ్యే బదులు ఫోనులో అంకె పెరగసాగింది.

వానలు మొదలయ్యే ముందు ఒక పొద్దున, రెండో చుట్టులో ఆమె ట్రాక్ పక్కన కూర్చుండిపోయింది. నేను పరుగెత్తాను. నా పరుగు గురించి అతిశయోక్తి చెప్పడానికి ఏమీ లేదు. ఆమె పెదవులు తెల్లబడ్డాయి, ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. నీళ్లు తాగించాను. కాసేపటికి ఊపిరి కుదురుకుంది. ఇక ఇంటికి పోదాం అన్నాను. ఆమె లేవలేదు.

"మామ, ఒకటి అడుగుత. నిజం చెప్పు."

"అడుగు బిడ్డా."

"టైమేమో తగ్గుతున్నదంటవు. నా పానమేమో దినదినం ఆగమైతున్నది. మరి నేను ఉత్తగనే నకరాలు చేస్తున్ననా? నెల సంది నన్ను నేనే తిట్టుకుంటున్న."

నేను ఆమెకు ధైర్యం ఇస్తున్నాననుకున్నాను. ఆమె దగ్గర మిగిలిన ఒకే ఒక సాక్ష్యం ఆమె ఒళ్లు. నాకు బాగాలేదని అది రోజూ చెబుతూ వచ్చింది. నేను రోజూ పక్కన నిలబడి, ఆ సాక్షి అబద్ధమాడుతోందని చెబుతూ వచ్చాను. ఆమె పెద్దవాణ్ణి కదా అని నన్నే నమ్మింది.

చెప్పేశాను. మొదటి రోజు ఆరు నలభై, నడుమ ఆరు ఇరవై, నిన్న ఆరు ముప్పై ఎనిమిది. తేదీలతో సహా చెప్పాను. లెక్కల పంతులును కదా, దాచిన అంకె ఒక్కటీ మరిచిపోలేదు. ఆమె గడ్డి పీకుతూ విన్నది. తిడుతుందనుకున్నాను. ముందు ఒక పెద్ద ఊపిరి వదిలింది.

"అంటే నేను నకరాలు చేయలేదన్నట్టు."

"లేదు బిడ్డా."

"మామ, మనిషివేనా నువ్వు? గిన్ని దినాలు ఎట్ల పట్టింది నీకు అన్నం?"

నేను ఫోను చాపితే తీసుకుంది. రేపటి నుంచి టైము తనే చూసుకుంటానంది. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. మా ఇంట్లో ఆ మూడు రోజులకు ఒక్కోదానికి డెబ్బై రెండు గంటలు.

నాలుగో రోజు తనే వచ్చి దవాఖానకు పోదాం పదమంది. డాక్టరమ్మ అప్పుడు చెప్పిన మాటలే మళ్లీ చెప్పింది. ఈసారి మేనకోడలు కాగితం మీద రాసుకుంది. మొదట పది నిమిషాల నడక. మర్నాడు ఒళ్లు బాగుంటేనే దాన్ని పెంచాలి, బాగాలేకపోతే ఆపాలి. పంతం వద్దు. కోతుల్ని మండలం దాటించిన పిల్ల, మార్కెట్ దారిలో మక్కలు అమ్మే ముసలవ్వల వెనక, వాళ్లను దాటకుండా నడిచింది. నేను పక్కన నడిచాను. ఎంత మెల్లగా నడిచామంటే ఒకసారి మమ్మల్ని ఒక బర్రె దాటిపోయి, కాస్త ఆగి, జాలిగా వెనక్కి చూసింది.

పరుగు కన్నా ఆ నడకే ఆమెకు కష్టమైంది. కాలేజీ గ్రౌండులో ఆమె ఈడు పిల్లలు పక్కనుంచి దూసుకుపోతుంటే తల వంచుకునేది. రోజూ ఒక పుస్తకంలో రాసుకునేది, నిన్న ఎంత నడిచాను, ఇవాళ ఎలా ఉంది అని. కొన్ని రోజుల ఎదురుగా బాగాలేదు అన్న ఒక్క మాటే ఉండేది. ఆ మాట రాసిన రోజు ఇంట్లో ఎవరం ఏమీ అనేవాళ్లం కాదు. అక్క కూడా గుడ్ల సంఖ్య తగ్గించింది.

పరుగుకు ముందు పెట్టే రాతపరీక్ష వానాకాలంలో గట్టెక్కింది. బతుకమ్మ నాటికి నడకలో కాస్త పరుగు కలిసింది. చలి మొదలయ్యేసరికి రెండు చుట్లూ ఆగకుండా తిరిగింది, ఐదు నలభై ఐదు. అంకె తనే చూసి తనే చెప్పింది. నేను చప్పట్లు కొట్టబోయి, అనుమతి ఉందో లేదో అని చేతులు జేబులో పెట్టుకున్నాను.

పరుగు పరీక్ష రోజున వరంగల్ వెళ్లాం. వెంట వచ్చినవాళ్లను గేటు బయటే ఆపేశారు. లోపల కాలికి కట్టే ఎలక్ట్రానిక్ చిప్పే టైము రాసుకుంటుందట. మామలకు, మేనమామలకు, లెక్కల పంతుళ్లకు అక్కడ ఏ పనీ లేదు. నా పక్కన భూపాలపల్లి వైపు నుంచి వచ్చిన ఒకాయన తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు. తన బిడ్డకు కూడా ఆ జ్వరం తర్వాత మెట్లెక్కితే ఆయాసం వచ్చేదనీ, ఊళ్లో అందరూ బద్ధకమన్నారనీ, తానూ అన్నాననీ చెప్పాడు. ఆ తర్వాత ఇద్దరం గేటు వైపు చూస్తూ కూర్చున్నాం.

రెండు గంటల తర్వాత మేనకోడలు బయటికి వచ్చింది. చేతిలో చెప్పులు, ముఖం మీద చెమట. నేను అడగకముందే చెప్పింది.

"ఐదు ఇరవై ఆరు."

ఆరు సెకన్లు.

"ఆఖరి మలుపుల జర గట్టిగ ఉరికితే అయ్యేదేమో మామ. కని గుండె అదురుడు షురువైంది. అది దేనిదో నాకెరుకే. ఉరకలే."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. పోయిన అవకాశం పోయింది, తిరిగి ఎప్పుడొస్తుందో తెలియదు. ఆ సంగతి ఆమెకు నా కన్నా బాగా తెలుసు. హన్మకొండ బస్టాండుకు ఆటో ఎక్కాం. ఆటో దిగుతుండగా అక్క ఫోను చేసింది. పిల్ల నాకిచ్చి, నువ్వే చెప్పమని సైగ చేసింది.

"ఆరు సెకన్లల పోయింది అక్కా" అన్నాను.

"ఆరు సెకన్లంటే ఎంత తమ్మీ?"

ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి, దానికి సరైన కొలత నాకు వెంటనే తోచలేదు. ఇంతలో జనగామ బస్సు లోపలికి మలుపు తిరిగింది. వంద మంది దాని మీద పడ్డారు, నా లెక్కన వెయ్యి మంది. మేనకోడలు సంచి భుజానికి వేసుకుని బస్సు వెంట పరుగెత్తింది. చెమట తుడుచుకునే దస్తీని కిటికీలోంచి సీటు మీదికి విసిరి, జనాన్ని తోసుకుని లోపలికి దూరింది. అప్పటికే ఆ దస్తీ మీద ఒక పెద్దమనిషి కూర్చున్నాడు. ఇక మొదలైంది. దస్తీ ఎవరిది, సీటు ఎవరిది, కండ్లు కనబడతలేవా కాకా, పొద్దటి సంది నిలబడ్డోళ్లం మనుషులం కామా, మా మామ పెద్దమనిషి, ఆయనను నిలబెట్టి తీసుకపోతనా. మాట మాటకూ మధ్య ఒక్క ఆయాసం లేదు.

"ఏంది తమ్మీ గా లొల్లి? ఎవరది?" అంది అక్క.

నేను ఫోనును బస్సు కిటికీ దగ్గరికి ఎత్తి పట్టుకున్నాను.