చంద్రలోకంలో గాలి డిపో

మార్కండేయులు మగ్గం గుంటలో కూర్చున్నా మనసెప్పుడూ ఆకాశంలోనే తిరిగేది. ఉయ్యూరు పక్కనున్న ఆ సాలెవీధిలో అంత ధైర్యంగా ఊహలు అల్లేవాడూ, అంత తేలిగ్గా బెదిరిపోయేవాడూ ఇంకొకడు లేడు. చంద్రుడి మీద గాలి ఉండదని మిషను స్కూలు కృపానందం మాస్టారు చెప్పినప్పటినుంచీ అతనికి ఒకటే ఆలోచన. గాలి లేదంటే, దాన్ని కొలిచి అమ్మేవాడొకడు ఉండే ఉంటాడు కదా! యుద్ధం రోజులవి. బియ్యం, కిరసనాయిలు, నూలు అన్నీ కంట్రోలే, డిపోవాడు కొలిచి ఇచ్చినంతే.

అలా పుట్టింది ‘చంద్రలోకంలో గాలి డిపో’ నవల. భార్య చౌడేశ్వరి రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుడుతుంటే రాసిందల్లా ఆమెకు చదివి వినిపించేవాడు. అందులో డిపో యజమాని పొట్ట ఒక పెద్ద కండె. ఆయన ఛలోక్తి విసిరితే నవ్వినవాడికి కాస్త గాలి ఎక్కువ దొరుకుతుంది. కానీ నవ్విన ప్రతిసారీ వాడి బొడ్డులోంచి ఒక పోగు ఊడొచ్చి ఆ పొట్టకు చుట్టుకుంటుంది. పోగులు పోయి పోయి జనం దోమతెరల్లా పలచబడిపోతారు. చివరికి ఎండలో నిలబడినా వాళ్ళకు నీడ పడదు.

"మావా, ఈయన మన నూలు డిపో వెంకటప్పయ్యగారు కాదూ?" అంది చౌడేశ్వరి.

"పిచ్చిదానా! బెజవాడ గవర్నర్‌పేటలో డిపో ఎక్కడ, చంద్రుడెక్కడ?"

అక్కడే పప్పులో కాలేశాడు మహానుభావుడు. కథను చంద్రలోకానికి పంపాడు గానీ, పోలికలన్నీ తన మగ్గం గుంటలోంచే తీశాడు. కండెలాంటి ఆ పొట్టా, ఆ ఛలోక్తులూ ఎవరివో సాలెవాళ్ళలో తెలియనివాడు లేడు. పుస్తకం అచ్చయి, బెజవాడ చేరి, ఆ నోటా ఈ నోటా పడి వెంకటప్పయ్య దాకా వెళ్ళింది. ‘చదివించుకుని విన్నాను, ఒకసారి వచ్చి కనపడు’ అని కబురొచ్చింది.

మగ్గం మీద పడుగు నూలు అయిపోయింది. డిపోలో పేరు కొట్టేస్తే ఇంట్లో పొయ్యి వెలగదు. బొగ్గుతో నడిచే బస్సులో బెజవాడ చేరేదాకా మార్కండేయులు సాకులు వెతుక్కుంటూనే ఉన్నాడు. కాళ్ళ మీద పడదామా? అది మైలవరం డిపో ఆయన కథని బొంకుదామా? ఏదీ తేలలేదు.

డిపో ముందు నూలు కోసం జనం నిలబడి ఉన్నారు. వెంకటప్పయ్య పొట్ట నిమురుకుంటూ, "రావోయ్ కవీ!" అన్నాడు. "అచ్చం మైలవరం డిపో నడిపే మా బావమరిదిని దింపావు కదోయ్! మీ వీధి నూలంతా చుట్టినా వాడి పొట్టకు ఇంకా చోటు మిగులుతుంది!"

జనమంతా గొల్లున నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది మార్కండేయులే. నవ్వాలనుకోలేదు పాపం, బతికిపోయానన్న సంతోషంలో అదే వచ్చేసింది. ఆయన మరొకటి విసిరాడు. ఇతను చేతులు కట్టుకుని మళ్ళీ నవ్వాడు.

"కవిగారికి రెండు కట్టలు ఎక్కువ వెయ్యండిరా!"

కట్టలు భుజానికెత్తుకుని బజార్లోకి వచ్చాక ఎందుకో చెయ్యి బొడ్డు దగ్గరకు పోయింది. చటుక్కున తీసేశాడు. కిందికి చూడకుండా బస్సు దాకా నడిచాడు.

నూలు చూడగానే చౌడేశ్వరి మొహం విప్పారింది. "ఇంత నూలే! కోప్పడలేదా?"

"లేదు. ఏదో ఛలోక్తి వేశాడు."

రాట్నం ఆగింది. "నవ్వావా?"

మార్కండేయులు నూలు కట్టలు మూలన సర్దసాగాడు.

"నవ్వావన్నమాట!" ఆమె పకపకా నవ్వింది. "ఏదీ, ఒక్కసారి ఎండలోకొచ్చి నిలబడు మావా, చూద్దాం."

ఆమె వేళాకోళానికే అంది. మార్కండేయులు మాత్రం పొద్దు గూకేదాకా వాకిట్లోకి రాలేదు.