పీర్ల గుండం పూడ్పించిన మౌల్వీ

మౌల్వీ సాబును ఊళ్లు దోచిన ముఠాలో మనిషని పట్టుకుపోయారు. ఆయన ఆ ముఠాలో లేడు. ఆ సంగతి మా ఊరి పటేలుకు తెలుసు. తెలిసీ చెప్పలేదు. మౌల్వీ సాబు సూర్యాపేట క్యాంపులో జ్వరంతో చచ్చిపోయాడు.

మాది కోదాడ దగ్గర చిన్న ఊరు. మేము దూది ఏకేవాళ్లం. మసీదుకు పోయేవాళ్లమే కాని ఇంట్లో మాట తెలుగే, ఉర్దూ ముక్క రాదు. ఉర్దూ వచ్చిన పెద్దిళ్లవాళ్లు మమ్మల్ని చెప్పులు విడిచే చోటే నిలబెట్టేవారు. మిర్యాలగూడ నుంచి వచ్చిన మౌల్వీ సాబు మొదటి శుక్రవారమే మా నాయన చెయ్యి పట్టుకుని ముందు వరుసలోకి తీసుకుపోయాడు. నమాజుకు అర్థం తెలుగులో చెప్పడం మొదలుపెట్టాడు. ఆ తెలుగు వింటే నవ్వొచ్చేది.

"మౌల్సాబ్, మీ తెలుగు దేవునికి సమజైతదా?" అనేవాడు మా నాయన.

"నీకు సమజైతే సాలు. ఆయన సంగతి నేను సూసుకుంట."

తాయెత్తుల బేరం మాన్పించాడు. మా చెల్లెళ్లను పలకలతో కూర్చోబెట్టాడు. మా ఊరి కుర్రాళ్లు కొందరు ఖాకీ తొడిగి, నిజాం పేరు చెప్పి ఊళ్లు దోచే ఆ ముఠాలో చేరితే, దోచుకొచ్చిన జొన్నల రొట్టె హరాం అని మసీదులోనే అన్నాడు. వాళ్లు ఆయన్ని గుమ్మంలోనే కొట్టారు. పెదవి చిట్లింది. అప్పుడు అటుగా పోతున్న పటేలే తలగుడ్డతో ఆ నెత్తురు తుడిచాడు. పటేలు హిందువు. అయినా మొహర్రంలో పెద్దపీరును ఎత్తుకుని గుండంలో నిప్పుల మీద నడిచేది ఆ ఇంటివాళ్లే. తాతల నాటి హక్కు.

ఆ ఏడు మొహర్రం ముందు మౌల్వీ సాబు ఆ గుండం పూడ్పించాడు. నిప్పులు తొక్కడం, పీర్లకు మొక్కడం మన దీన్‌లో లేవన్నాడు. మేమే మట్టి పోశాం. పటేలు దూరంగా నిలబడి చూసి వెళ్లిపోయాడు.

మరుసటి ఏడు మిలట్రీ వచ్చింది, నిజాం రాజ్యం పోయింది. ఖాకీ తొడిగినవాళ్లు ముందే పారిపోయారు. మిగిలిన మమ్మల్నందరినీ మసీదు ముందు కూర్చోబెట్టి, ఆఫీసరు పటేలును పిలిపించాడు. పటేలు తెలుసన్న మనిషిని వదిలేస్తున్నారు.

మా నాయనను చూసి, "దూదేకులాయన, మావోడే," అన్నాడు పటేలు. నన్ను చూసీ అదే మాట అన్నాడు. మౌల్వీ సాబు దగ్గర ఆగాడు.

"ఈయన నాకెరుక లేదు."

ఆయనను లారీ ఎక్కించారు. నేను వెంటనే పటేలు ఇంటికి పోయాను. "పటేలా, జర నువ్వొచ్చి ఒక్క మాట జెప్పు." "మోకాళ్లు నొస్తున్నయి, రేపు సూద్దాం," అన్నాడు. సూర్యాపేట పోయి క్యాంపు గేటు దగ్గర బతిమాలాను. మీ పటేలును తీసుకురమ్మన్నారు. మళ్లీ ఊరికొచ్చాను. మళ్లీ మోకాళ్లే. ఈలోగా ఆయన పోయాడని కబురొచ్చింది. మౌల్వీ సాబు భార్య పిల్లలను తీసుకుని మిర్యాలగూడలోని పుట్టింటికి వెళ్లిపోయింది. పలకలు మూలన పడ్డాయి. మా చెల్లెళ్లు మళ్లీ అక్షరం ముట్టలేదు.

నేను బడి ముఖం చూడకుండానే చదవడం నేర్చుకున్నాను. ఆ కాలం మీద వచ్చిన పుస్తకాలన్నీ వెతికి చదివాను. తనవాళ్ల చేత దెబ్బలు తిని, ఊరివాళ్ల మౌనానికి చచ్చిన మౌల్వీ ఒక్కదానిలోనూ లేడు. అందుకే పటేలును వదలలేదు. ఎరుక లేదని ఎందుకన్నావని సంతలో అడిగాను, పెళ్లి పందిట్లో నలుగురి ముందు అడిగాను. "ముసలోని ఎందుకు సతాయిస్తవ్, ఇగ ఇడిసిపెట్టు," అన్నారు అందరూ. ఎందుకు విడిచిపెట్టాలి?

పటేలు మంచాన పడ్డాక తనే కబురు పంపాడు. పోయి నులకమంచం పక్కన కూర్చున్నాను. అడగకముందే చెప్పాడు:

"ఆయన మంచోడని నాకెరుక లేదారా? గని గుండం పూడ్సేనాడు నేను గాడనే నిలవడ్డ. పటేలా, గిట్ల జేస్తున్నం అని మీల ఒక్కడన్న నాతోని అన్నడా? నాలుగు పొద్దులు ఉంచుకోని పంపిస్తరు, జర తెలిసొస్తది అనుకున్న. సస్తడనుకోలె."