బెల్టులు బిగించే మనిషి

యుద్ధవిమానం ఎక్కిన పైలట్లకు భుజాల బెల్టులు బిగించడం ఆయన పని. నిచ్చెన చివర నిలబడి, మోకాలు అంచుకు ఆనించి పట్టీ గుంజుతాడు. చిటికెనవేలు కూడా దూరదని చూసుకున్నాకే వదులుతాడు. పైలట్లు ఆయన్ని ముద్దుగా ‘ఉడుంపట్టు’ అంటారు. ఆవేళ సీట్లో కూర్చున్నది ఆయన కూతురే. రెక్కల కింద బాంబుల బరువుతో నిలువునా ఎక్కి పల్టీ కొట్టడం ఆమెకు అదే మొదటిసారి.

“నాన్నా, ఊపిరాడట్లేదు!”

“తలకిందులయ్యాక నన్ను మెచ్చుకుందువుగానిలే,” అంటూ ఇంకాస్త గుంజాడు.

విమానం నిట్టనిలువుగా లేచింది. పైన వేగం సన్నగిల్లి, బరువుకు ఒక్క క్షణం వేలాడినట్టయి, వెల్లకిలా తిరిగి, పెద్ద సున్నా చుట్టి, క్షేమంగా నేలకు దిగింది. ఎప్పుడూ అందరికన్నా ముందు నిచ్చెనెక్కే మనిషి దాని కిందే చతికిలబడ్డాడు.

“రా నాన్నా, బెల్టులు విప్పవా?” అంది కూతురు పైనుంచి.

“నువ్వే విప్పుకో తల్లీ. నా కాళ్ళు ఇంకా కిందికి దిగలేదు.”