ఒక పెట్టె, మూడు పోర్షన్లు

పరీక్షలో నెగ్గిన సాఫ్ట్‌వేర్‌ను పక్కన పెట్టి, ఓడినదాన్ని కొన్నారు. పరీక్ష పెట్టింది నేను. నెగ్గింది నేను తెచ్చినది. కొనేముందు నాతో ఒక్క మాట అనలేదు.

ఇది తార్నాకలో ఒక రక్తపరీక్షల ల్యాబులో జరిగింది. తెలంగాణ ఉద్యమం మళ్లీ రాజుకుని, ఏ రోజు బంద్ పడుతుందో తెలియని కాలం. ల్యాబు యజమాని ఒక డాక్టరమ్మ. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. కింద ల్యాబు, పైన ఇల్లు. అక్కడి కంప్యూటర్లు చూసుకునే పని నాది. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ని నేను. విద్యానగర్‌లో ఒక గదిలో రేడియోలు బాగుచేశాను. రేడియోలు పోయాక టీవీలు, టీవీలు పల్చబడ్డాక కంప్యూటర్లు. ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొని, డిక్షనరీ పక్కన పెట్టుకుని, ఇంగ్లీషును నమిలి మింగాను. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, తెలియనివాడు కాబట్టి ఓడాడని ఎవరూ అనుకోకూడదు.

ల్యాబులో మూడు కంప్యూటర్లుండేవి. ఒకటి బిల్లులకు, ఒకటి రిపోర్టులకు, మూడోది రక్తాన్ని పరీక్షించే మిషన్‌తో మాట్లాడటానికి. ఆ మూడోది మరీ పాతది. దాని సాఫ్ట్‌వేర్ కొత్త కంప్యూటర్ మీద ఎక్కనంటుంది. ఒకటి లేస్తే ఒకటి పడుతుంటే డాక్టరమ్మ విసిగి, ఒక బలమైన సర్వర్ కొని మూడింటినీ అందులోకి మార్చేద్దామంది. దీన్నే వర్చువలైజేషన్ అంటారు. పేరు చూసి భయపడనక్కర్లేదు. తార్నాక సందుల్లో ఒకే ఇంటిని మూడు పోర్షన్లు చేసి అద్దెకివ్వడం లేదా? ఎవరి తలుపు వాళ్లది, ఎవరి తాళం వాళ్లది, నీళ్ల ట్యాంకు మాత్రం అందరిదీ. పక్క పోర్షన్‌లో గొడవైతే మన పొయ్యి మీద అన్నం మాడకూడదు. ఆ గోడలు కట్టే మేస్త్రీయే ఈ సాఫ్ట్‌వేర్. ఏ మేస్త్రీని పెట్టుకోవాలన్నదే మా ముందున్న ప్రశ్న.

వడపోయగా రెండు మిగిలాయి. నాది ఊరికే దొరికేది. నల్ల తెర మీద కమాండ్లు టైపు చేసి నడపాలి. రెండోది మాదాపూర్ కంపెనీ ఒకటి అమ్మేది, రంగురంగుల బొమ్మలతో. దాన్ని తెచ్చిన ఇంజనీరు కుర్రవాడు మర్యాదస్తుడే.

"అంకుల్, దీన్ని ప్రపంచమంతా వాడుతున్నారండీ," అన్నాడు.

"ప్రపంచమంతా కరెంటు పోదు బాబూ. గీడ పోతది," అని, రెండు సాఫ్ట్‌వేర్లనూ రెండు కంప్యూటర్ పెట్టెల్లో నడిపించి, చెప్పకుండా రెండు వైర్లూ గోడలోంచి పీకేశాను.

మళ్లీ కరెంటు ఇచ్చాక నాది తనంతట తాను లేచింది. మూడు పోర్షన్లలోనూ దీపాలు వెలిగాయి. వాళ్లది రెండే లేపింది. మూడోది ఎర్రగుర్తు పెట్టుకుని పడుకుంది.

"ఆ బటన్ నొక్కితే లేస్తుందండీ," అన్నాడు ఇంజనీరు.

"మనిషి పోయి బతిమిలాడితే లేచేది సర్వరా, కొత్తల్లుడా?"

అతను కూడా నవ్వాడు. డాక్టరమ్మ నవ్వలేదు. ఒక్కటే అడిగింది: "ఏదైనా తిరగబడితే ఎవరు చూడాలి?"

"నేనున్న గద మేడమ్," అన్నాను.

"మాదైతే ఎవరైనా చూడొచ్చు మేడమ్," అన్నాడతను.

ఎవరైనా అంటే ఎవరు? బంద్ నాడు మాదాపూర్ నుంచి తార్నాకకు ఎగిరొస్తారా? నాకైతే విద్యానగర్ నుంచి కాలినడక. మధ్యలో ఉన్నది యూనివర్సిటీ క్యాంపస్ ఒక్కటే.

ఆ వారంలోనే బంద్ పడింది. సర్వర్ ఇంకా కొనలేదు. పొద్దున్నే ల్యాబులో ఆ పాత మూడో కంప్యూటర్ ఆగిపోయింది. పక్క నర్సింగ్‌హోములో రోగి రిపోర్టు కోసం కాచుకుని ఉన్నారని ఫోనొచ్చింది. క్యాంపస్ గేటు మూసి ఉంది, అడ్డంగా పోలీసులు. ఆగేవాణ్నా నేను? తొలి ఉద్యమం నాటికి నాకింకా మీసం మొలవలేదు. ఆ గోడ ఎక్కడ కుంగిందో, ఏ చెట్టు కొమ్మ ఆసరాగా దూకవచ్చో అప్పటి నుంచీ తెలుసు. దూకాను. హాస్టళ్ల వైపు నుంచి రాళ్లు, ఎదుటి నుంచి బాష్పవాయువు. ఎవరో విద్యార్థి తడి గుడ్డ చేతిలో పెట్టి, "జల్ది పో పెద్దాయనా," అని తోసేశాడు. తార్నాక చేరేసరికి కళ్లు మిరపకాయల్లా ఉన్నాయి. ప్యాంటు చిరిగి మోకాలు చెక్కుకుపోయింది.

ల్యాబు టెక్నీషియన్, నల్గొండ దిక్కు పిల్ల, వెనక సందులోనే ఉంటుంది. నన్ను చూసి, "తాతా, నువ్వు రిపేరుకొచ్చినవా, ఉద్యమానికి పోయొచ్చినవా?" అంది.

"రెండిటికీ తొవ్వ ఒక్కటే బిడ్డా."

మిషన్ నడిపించాకే కూర్చున్నాను. డాక్టరమ్మ నా తల వెనక్కి వంచి, సెలైన్‌తో కళ్లు తానే కడిగింది. మోకాలికి దూది అద్దింది. ఇదే అదననుకుని నేను నా వాదన వినిపించాను.

"చూసిన్రా మేడమ్. మాదాపూర్ పిలగాడు ఇయ్యాల ఇల్లు కదిలిండా? నేనొచ్చిన. గోడ దునికి వచ్చిన. నాది పెట్టుండ్రి, ఎన్ని బంద్‌లు పడ్డా ఇట్లనే వస్త."

ఆమె మోకాలికి పట్టీ అంటించి, పై ఇంటి నుంచి నాకు టిఫిన్ తెప్పించింది. దాన్నే ఒప్పుదల అనుకున్నాను. ఎవరైనా అదే అనుకుంటారు.

మరుసటి వారం వెళ్లేసరికి కొత్త సర్వర్ ముందు మాదాపూర్ ఇంజనీరు కూర్చుని, తన సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తున్నాడు.

"ఎందుకు మేడమ్?" అన్నాను.

"తర్వాత మాట్లాడదాం బాబాయిగారూ."

ఆ 'తర్వాత' నెలలు సాగింది. ఆ రోజుల్లో ఊళ్లో అందరి బుర్రల్లో తిరిగే ఆలోచనే నా బుర్రలోనూ తిరిగింది. ఆ ఇంజనీరుదీ కృష్ణ అవతలి మాటే. ఎవరి యాస వాళ్లకు తీపి.

"ఒక్క యాసోళ్లంత ఒక్క దిక్కు," అన్నాను టెక్నీషియన్‌తో.

"మరి వచ్చినప్పుడల్లా నీకు టిఫిన్ తెప్పించేదెవరు తాతా?"

"టిఫిన్ వేరు. సాఫ్ట్‌వేర్ వేరు."

మళ్లీ ఒక పెద్ద బంద్. మధ్యాహ్నం తార్నాకలో కరెంటు పోయింది, జనరేటర్ దగ్గి ఊరుకుంది. కరెంటు తిరిగొచ్చాక మూడో పోర్షన్ లేవలేదు. సరిగ్గా నేను చెప్పినట్టే. ఆ కబురు ఫోన్లో వినగానే ఒళ్లు పులకరించిందంటే అబద్ధం కాదు. బూట్లు బిగించి, తడి తువ్వాలు మెడకు చుట్టుకుని బయల్దేరాను. గేటు దగ్గరికి వచ్చేసరికి మళ్లీ ఫోను మోగింది. టెక్నీషియన్.

"యాడున్నవు తాతా?"

"గేటు కాడ. గోడ దిక్కు పోతున్న."

"ఇంటికి పో. ఎర్రగున్నదాన్ని నొక్కమన్నది మేడమ్. నొక్కిన. లేచింది."

"రిపోర్టులు?"

"పోతున్నయ్. నువ్వు రాకు."

లోపలెక్కడో బాష్పవాయువు గుండ్లు పేలుతున్నాయి. అడ్డంగా నిలబడ్డ కానిస్టేబుల్ నా తువ్వాలును చూసి, "ఏంది పెద్దమనిషీ, లోపటికా, వాపసా?" అన్నాడు. వాపసే అన్నాను. తడి తువ్వాలు కట్టుకుని యుద్ధానికి సిద్ధమైనవాణ్ని ఇంటికి పొమ్మనడం కన్నా పెద్ద అవమానం నాకు ఈ జన్మలో జరగలేదు.

బంద్ ఎత్తేశాక నేరుగా డాక్టరమ్మ బల్ల ముందుకు వెళ్లి నిలబడ్డాను. ఇవాళ్టికీ చెబుతున్నాను, నాదే మెరుగైన సాఫ్ట్‌వేర్. అనుమానముంటే వైరు పీకి చూసుకోండి. ఆమెతోనూ అదే అన్నాను.

"నాది నెగ్గింది, వాళ్లది ఓడింది. మీ కండ్ల ముందటనే. ఓడిందాన్ని ఎందుకు కొన్నరు మేడమ్? నాది మీ యాస కాదనా?"

ఆ చివరి మాట కూడా అన్నాను. కడుపులో దాచుకోవడం నాకు చేతకాదు. ఆమె చేతిలోని గాజు స్లైడు కింద పెట్టి, నా మోకాలి వైపు చూసింది.

"మీదే మంచిది బాబాయిగారూ, మీరు వైర్లు పీకిన రోజే మనసులో ఒప్పుకున్నాను. కానీ మీది ఆగితే మీరే రావాలి. రావద్దంటే మీరు వినరు, గోడ దూకుతారు. ఆ రోజు మీ కళ్లు కడిగింది నేనే కదండీ. అందుకే మీరు రానక్కర్లేనిదాన్ని కొన్నాను."