ఈ రోజు దిగను

అమెరికాలో మేముండే బాతెల్‌లో మా మనవరాలి ఈత క్లాసుకు వెళ్లి తలుపు తీయగానే క్లోరిన్ వాసన ముక్కుకు తగులుతుంది. వెంటనే డానియల్ గారు గుర్తొస్తారు. ఎనభైల మొదట్లో నేను ఇక్కడే సముద్రపు నాచు మీద పరిశోధన చేసేదాన్ని. మా యూనివర్సిటీలో నీళ్లలోకి దిగే పరిశోధకులందరికీ ఆయనే శిక్షకుడు. భీమిలి మనిషి, నేవీలో డైవర్‌గా చేసి వచ్చారు. ఆదివారం మా నాలుగు కుటుంబాల తెలుగు ప్రార్థనలో ఆయన పాట ఎత్తుకుంటే పక్కింటివాళ్లు కిటికీలు మూసుకునేవారు.

మాస్కులో చేరిన నీళ్లు తీసేయడం, గాలి పంచుకోవడం నేర్పాక ఆయన ఒక వింత పాఠం చెప్పేవారు. వీపున గాలి ట్యాంకుతో సహా అన్నీ తగిలించుకుని, పూల్ గట్టున నిలబడి, "ఈ రోజు దిగను" అని చెప్పి వెనక్కి వచ్చేయాలి. కారణం చెప్పకూడదు. అందులో నేను మూడుసార్లు తప్పాను.

"దిగను సార్, కొంచెం తలనొప్పిగా..."

"నేను అడిగానా అమ్మా? మళ్లీ చెప్పు."

"దిగను సార్. సారీ."

"సారీ దేనికి? నా కాలు తొక్కావా? వన్స్ మోర్!"

నాకు ఒళ్లు మండేది. పది సంజాయిషీలు లేకుండా పెద్దవాళ్లకు కాదని చెప్పడం నాకు చేతకాదు మరి.

ఆ ఏడాది ఆఖరి శాంపిల్స్ తీయాల్సిన రోజున నాకు జలుబు చేసింది. ముక్కు దిబ్బడతో లోతుకు వెళ్తే చెవి దెబ్బతింటుందని తెలుసు. వెళ్లకపోతే థీసిస్ ఏడాది వెనక్కి పోతుందనీ తెలుసు. ఒక మాత్ర మింగి, ఎవరికీ చెప్పకుండా పడవెక్కి ట్యాంకు కట్టుకున్నాను. అంతలో, అప్పటికే సూట్ వేసుకుని ఉన్న డానియల్ గారు, "ఈ రోజు నేను దిగట్లేదు" అన్నారు. పడవలో ఒక్కరూ ఎందుకని అడగలేదు.

"నేనూ దిగను," అన్నాను. ఆ తర్వాత రాబోయిన మాటను పళ్లబిగువున ఆపుకున్నాను. ఆయన ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చి, "పాస్ అయ్యావు," అన్నారు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

థీసిస్ నిజంగానే ఏడాది ఆలస్యమైంది. చెవులు మాత్రం ఈ వయసులోనూ భేషుగ్గా ఉన్నాయి. ఆ క్రిస్మస్ విందులో ఉండబట్టలేక అడిగాను.

"సార్, నా జలుబు కనిపెట్టే కదా ఆ రోజు మీరు ఆగింది?"

"కారణం అడగకూడదని ఎన్నిసార్లు చెప్పాలమ్మా నీకు? ఆ పులిహోర ఇటు పాస్ చెయ్యి."

మొన్న మా మనవరాలు దూకే పలక చివరిదాకా వెళ్లి, కిందికి చూసి, మెల్లగా వెనక్కి వచ్చేసింది.

"అమ్మమ్మా, టుడే జంప్ చెయ్యను. బికాజ్..."

"నేను అడిగానా?" అంటూ తువ్వాలు కప్పాను.